చిన్న విమానం కాక్‌పిట్‌లో ట్యాబ్ బిగించుకోవడం ఎలా

మౌంట్ ఇప్పుడే కొనకండి. దారి చార్టులు (ఎగిరే దారి పటాలు) చూసుకోవడానికి ట్యాబ్ కొన్న రోజే దాన్ని పట్టి ఉంచే మౌంట్ కూడా కొనేసి, ఆ తర్వాత విమానంలో ఎక్కడ ఇరికించాలా అని వెతుక్కునేవాళ్లే ఎక్కువ. నేనూ అలాగే మూడు కొన్నాను. వాటిలో రెండు అటక మీద ఉన్నాయి. వరస తిరగేసి చూడండి: ముందు విమానం, తర్వాత ఆ సీట్లో కూర్చునే మీ ఒళ్లు, ఆ తర్వాత ట్యాబ్, చిట్టచివర మౌంట్. (టాబ్లెట్ అనగానే మాత్రలు గుర్తొచ్చేవాళ్లు ఇంటింటా ఉంటారు కాబట్టి ట్యాబ్ అనే అందాం.)

సెస్నా 172, పైపర్ చెరోకీ, డైమండ్ డీఏ40 లాంటి చిన్న విమానాలు సరదాకో శిక్షణ కోసమో నడిపేవాళ్ల కోసం రాస్తున్నాను. రంధ్రం పెట్టకుండా, స్క్రూ బిగించకుండా, చేత్తో పెట్టి చేత్తో తీసేసే మౌంట్ల సంగతే ఇక్కడ. ప్యానెల్‌కి శాశ్వతంగా బిగించాలన్నా, విమానం వైరింగ్‌లోంచి కొత్తగా కరెంటు తీయాలన్నా అది విమానానికి మార్పు చేసినట్టే. ఆ పని అర్హత ఉన్న మెకానిక్ చేయాలి, రికార్డుల్లో రాయాలి. విమానం మీది కాకపోతే ఓనర్‌నో, ఫ్లయింగ్ స్కూల్‌నో ముందే అడగండి. ఎలక్ట్రానిక్ పరికరాల మీద నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. ఉదాహరణకి అమెరికాలో ఎఫ్ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన 91.21 ప్రకారం, ఐఎఫ్ఆర్‌లో (బయట చూసి కాకుండా పరికరాల ఆధారంగా ఎగిరే నియమాల కింద) ఎగిరే ప్రైవేటు విమానంలో ఫలానా పరికరం నావిగేషన్‌కీ రేడియోకీ అడ్డు రాదని తేల్చుకోవాల్సింది పైలటే. మీ దగ్గర నియమం ఏం చెప్తుందో చదువుకోండి. నియమం ఏదైనా, కింద చెప్పే పరీక్షలు మాత్రం మానొద్దు.

ముందు సీట్లో కూర్చోండి

ఇంజిన్ ఆపి ఉన్న విమానంలోకి ఒక కొలత టేపు, ఒక అట్టముక్క, రంగులు వేసేవాళ్లు వాడే కాగితం టేపు తీసుకెళ్లండి. ఆ అట్టని మీ ట్యాబ్ సైజుకి, కవర్‌తో కలిపి కత్తిరించాలి. ఐప్యాడ్ మినీ సుమారు 195 × 135 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 300 గ్రాములు. 11 అంగుళాల రకమైతే సుమారు 248 × 179 మిల్లీమీటర్లు, 460–480 గ్రాములు. కాగితం మీద ఈ తేడా చిన్నదే. యోక్ (విమానాన్ని నడిపే చక్రం లాంటి పిడి) మీద పెట్టి చూస్తే, రెండోది సగం ప్యానెల్‌ని మింగేసినట్టుంటుంది. 13 అంగుళాల దాని గురించి ఈ కాక్‌పిట్లలో ఆలోచించకపోవడమే మంచిది.

సీటుని మీరు ల్యాండింగ్‌లో ఎక్కడ పెట్టుకుంటారో సరిగ్గా అక్కడికి జరపండి. నడుము బెల్టు, భుజం బెల్టు రెండూ పెట్టుకోండి. ఇప్పుడు యోక్‌ని పూర్తిగా వెనక్కి లాగి, మీ పొట్టకీ యోక్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. అలా లాగి ఉంచే పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి, యోక్ కొమ్ములకీ తొడలకీ మధ్య ఖాళీ చూడండి. చలికాలం కోటు వేసుకుని ఎగిరే అలవాటుంటే కోటుతోనే కొలవాలి. నా లెక్కలో పొట్ట దగ్గర ఎనిమిది సెంటీమీటర్లు వచ్చింది. దళసరి కవర్, బంతి, క్లాంపు కలిస్తే అంతకి అంతా సరిపోయింది, అంటే ఖాళీ లేదన్నమాట. మొదటి మౌంట్ అటకెక్కింది అందుకే.

తర్వాత అట్టముక్కని మీరు అనుకున్న చోట కాగితం టేపుతో అతికించి, తల కదపకుండా చూడండి. ఆరు ప్రధాన పరికరాలు, ఇంజిన్ గేజీలు, ఇంధనం గేజీలు కనపడాలి. కనపడటంతో సరిపోదు, చెయ్యి వెళ్లాల్సిన చోట్లూ ఉన్నాయి: ఇగ్నిషన్ తాళం, మాస్టర్ స్విచ్, సర్క్యూట్ బ్రేకర్లు, థ్రాటిల్, మిక్చర్, కార్బ్ హీట్, ఫ్లాపులు, ట్రిమ్ చక్రం, ఫ్యూయల్ సెలెక్టర్, తలుపు పిడి, మంటలార్పే సిలిండర్. కళ్లు మూసుకుని ఒక్కోదాన్నీ తాకి చూడండి. సెస్నా 172లో ఇగ్నిషన్ తాళం ప్యానెల్‌కి ఎడమవైపు కింద ఉంటుంది. యోక్ మీద పెద్ద ట్యాబ్ ఉంటే అది మొత్తంగా దాని వెనక్కి వెళ్లిపోతుంది. మామూలు రోజుల్లో ఇబ్బందేమీ ఉండదు. మాగ్నెటోలు (ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చేవి) ఆపాల్సిన తొందర వచ్చినప్పుడే తెలుస్తుంది.

ఈ పని అరగంటలో అయిపోతుంది. అదయ్యాక ట్యాబ్ ఎక్కడ పెట్టకూడదో మీకు స్పష్టంగా తెలుస్తుంది. మిగిలేవి మహా అయితే రెండు చోట్లు.

యోక్ మీద

చార్టు కళ్లకి దగ్గరగా, చేతికి అందేంత దూరంలో ఉంటుంది, తల వంచక్కర్లేదు. అందుకే యోక్ ఉన్న విమానాల్లో ఎక్కువమంది దీన్నే ఎంచుకుంటారు. నేనూ చివరికి దీనికే వచ్చాను. కాకపోతే మీరు బిగిస్తున్నది నిలకడగా ఉండే గోడకి కాదు, విమానాన్ని నడిపే కంట్రోలుకి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది క్లాంపుని యోక్ వెనకుండే కడ్డీ మీద ఎక్కడ పెట్టారన్నది. యోక్‌ని ముందుకి తోస్తే ఆ కడ్డీ ప్యానెల్ లోపలికి జారుతుంది. క్లాంపు ప్యానెల్‌కి దగ్గరగా ఉంటే అది ప్యానెల్‌కి తగిలి ఆగిపోతుంది. అంటే ముక్కు కిందికి దించడానికి కావాల్సిన పూర్తి ప్రయాణం మీకు దొరకదు. స్టాల్ (రెక్కలు గాలి పట్టు కోల్పోవడం) నుంచి బయటపడాల్సింది యోక్ ముందుకి తోసే కదా. అందుకని క్లాంపు యోక్‌కి ఆనుకుని, కడ్డీ చివర ఉండాలి. బిగించాక పూర్తిగా ముందుకి తోసి, ఇంకా వేలెడు ఖాళీ ఉందో లేదో కళ్లతో చూడండి. సెస్నాల్లో కంట్రోల్ లాక్ (విమానం ఆపి ఉంచినప్పుడు కంట్రోళ్లు కదలకుండా పెట్టేది) పిన్ను దూర్చే రంధ్రం కూడా ఆ కడ్డీ మీదే ఉంటుంది. క్లాంపు దాన్ని మూసేస్తే లాక్ పెట్టలేరు. విమానం దిగి వెళ్లాక గాలికి ఐలెరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) కొట్టుకుంటాయి.

ఇదంతా మరీ అతి జాగ్రత్త అనిపిస్తే అఫ్గానిస్తాన్‌లోని జలాలాబాద్ సంగతి గుర్తుచేసుకోండి. 2015 అక్టోబరు 2న అక్కడి నుంచి లేచిన అమెరికా వైమానిక దళం సి-130జె విమానం కూలి, లోపలున్న 11 మంది, నేల మీద ముగ్గురు చనిపోయారు. సరుకు ఎక్కించేటప్పుడు ఎలివేటర్ (తోక దగ్గర కదిలే పలక) పైకి లేచి ఉండాలని, చీకట్లో చూడటానికి పెట్టుకునే కళ్లద్దాల పెట్టె ఒకదాన్ని యోక్ ముందు ఇరికించారు. తీయడం మర్చిపోయారు. టేకాఫ్ అవగానే ముక్కు పైకి లేచింది, దాన్ని కిందికి తోయడానికి దారి లేకపోయింది. నాలుగు ఇంజిన్ల విమానాన్ని పడగొట్టడానికి ఒక ప్లాస్టిక్ పెట్టె చాలింది.

రెండోది బరువు. ట్యాబ్‌ని యోక్ మధ్య గీతకి తెచ్చి పెట్టండి. పది సెంటీమీటర్లు పక్కకి ఉన్నా, అర కిలో బరువు విమానాన్ని ఒక వైపుకి వాల్చాలని ఎప్పుడూ చిన్నగా లాగుతూనే ఉంటుంది. చేత్తో నడుపుతుంటే అలవాటైపోయి గమనించరు. ఒక గంట తర్వాత చెయ్యి ఎందుకు నొప్పెడుతోందో అర్థం కాదు. యోక్‌లో పీటీటీ బటన్ (రేడియోలో మాట్లాడటానికి నొక్కేది), ట్రిమ్ స్విచ్, ఆటోపైలట్ ఆపే బటన్ ఉంటే వాటికి బొటనవేలు హాయిగా అందుతోందో లేదో కూడా చూడండి.

తొడ మీద

యోక్ బదులు స్టిక్ (నిలువు కర్ర) ఉన్న విమానాల్లో, సైడ్ యోక్ ఉన్న సిర్రస్ లాంటివాటిలో యోక్ క్లాంపుకి చోటే ఉండదు. అక్కడ తొడకి కట్టుకునే నీబోర్డే మార్గం. చవక, తేలిక, ఏ విమానంలోకైనా తీసుకెళ్లొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే స్టిక్‌ని నాలుగు మూలలకీ తిప్పినప్పుడు అది బోర్డు అంచుకి తగలకూడదు. చిన్న ట్యాబ్ తీసుకోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

దీంతో పెద్ద చిక్కు తల వంచడం. ఎండ కాసే రోజున కొండలు చూస్తూ వెళ్తుంటే పర్వాలేదు. మేఘంలో ఉండి, విమానం మలుపు తిరుగుతుండగా తల కిందికి వంచి చటుక్కున ఎత్తితే, లోపలి చెవిలోని ద్రవం మెదడుకి తప్పుడు కబురు పంపుతుంది. విమానం దొర్లిపోతున్నట్టు అనిపిస్తుంది. దీన్నే కోరియోలిస్ భ్రమ అంటారు. అనుభవం ఉన్న పైలట్లని కూడా అది వదలదు. ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ చేసేవాళ్లు వీలున్నంతవరకూ ట్యాబ్‌ని ప్రధాన పరికరాలకి దగ్గరగా, తల తిప్పకుండా కళ్లు తిప్పితే కనపడే చోట పెట్టుకోవాలి. తప్పక తొడ మీదే పెట్టుకోవాల్సొస్తే, బోర్డుని మోకాలి వైపుకి జరిపి, వెనక ఒక వాలు ముక్క పెట్టి స్క్రీన్‌ని మొహం వైపుకి లేపండి. మలుపులో ఉండగా కాకుండా, మలుపుకి ముందే చదువుకోండి.

అద్దానికి సక్షన్ కప్

పక్క అద్దానికి కప్పు అతికిస్తే ప్యానెల్‌ ఖాళీగా ఉంటుంది, కంట్రోళ్ల జోలికి పోదు. చూడ్డానికి అన్నిటికంటే తెలివైన పరిష్కారం ఇదే అనిపిస్తుంది. నా రెండో మౌంట్ ఇదే. ఒక మధ్యాహ్నం, ల్యాండింగ్‌కి ఆఖరి మలుపు తిరిగి ఫ్లాపులు దించుతుండగా ‘టప్’మని ఊడొచ్చింది. ట్యాబ్ నా మోచేతికి తగిలి, సీటు పక్కనుంచి రడ్డర్ పెడళ్ల వైపుకి జారిపోయింది. పెడల్ కింద చిక్కుకోలేదు, అది నా అదృష్టం. గో అరౌండ్ చేసి (దిగకుండా మళ్లీ పైకి లేచి), పైన స్థిరపడ్డాక కాలితో వెనక్కి నెట్టి, అప్పుడు దిగాను.

తప్పు కప్పుది కాదు. లెక్క నేను చూసుకోలేదు. కప్పుని అద్దానికి అదిమి పట్టేది బయటి గాలి ఒత్తిడి. సముద్రమట్టం దగ్గర అది 1013 మిల్లీబార్లు. నొక్కినప్పుడు కప్పు లోపల 300 మిగిలిందనుకుంటే, పట్టు 713 మిల్లీబార్లకి సమానం. 8,000 అడుగుల ఎత్తుకి వెళ్తే బయటి ఒత్తిడి 753కి పడిపోతుంది. లోపలిది అలాగే ఉంటే పట్టు 453. అంటే మూడో వంతుకి పైగా పట్టు ఎత్తుతోనే పోయింది. దానికి తోడు పైన చలికి రబ్బరు బిరుసెక్కుతుంది, అంచుల్లో గాలి కొద్దికొద్దిగా దూరుతుంది. కిందికి దిగేటప్పుడు కుదుపులు మొదలవుతాయి. అప్పటికే బలహీనపడ్డ కప్పు సరిగ్గా ఆ వేళకే ఊడుతుంది.

అయినా వాడాలనుకుంటే ఇలా చేయండి. అద్దాన్ని, కప్పుని శుభ్రంగా తుడవండి. చిన్న విమానాల అద్దాలు ఎక్కువగా గాజు కాదు, యాక్రిలిక్. ఇంట్లో కిటికీలకి వాడే అమ్మోనియా ఉన్న ద్రావణం తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి, ఆ అద్దం ఇక బాగవదు. తేలికపాటి సబ్బునీళ్లు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. ముందు నీళ్లతో దుమ్ము కడిగేసి, ఆ తర్వాతే తుడవాలి. పొడి దుమ్ము మీద రుద్దితే గీతలు పడతాయి. అద్దం వంపు తక్కువగా ఉన్న చోట, అంచులకి దూరంగా, కప్పు కొద్దిగా తడి చేసి నొక్కండి. తెరుచుకునే చిన్న కిటికీ మీద, అత్యవసర ద్వారం మీద అతికించకండి. ముందు విండ్‌షీల్డ్ మీద అసలొద్దు. ఎదురుగా వచ్చే విమానం మొదట ఒక చుక్కలా కనపడుతుంది, ఆ చుక్కని దాచడానికి ఒక ట్యాబ్ అంచు చాలు. ప్రతి ఫ్లైట్‌కి ముందు ఊడదీసి మళ్లీ నొక్కండి, నిన్న అతికించింది ఇవాళ్టికి లెక్కలోకి రాదు.

ఒక సన్నటి తాడు కూడా కట్టండి. ట్యాబ్ కవర్‌ నుంచి మౌంట్‌కి కాదు, మౌంట్ ఊడితే రెండూ కలిసే పడతాయి. సీటు పక్కనున్న గట్టి భాగానికి కట్టాలి. దాని పొడవు ట్యాబ్ పడితే పెడళ్ల దాకా చేరనంత ఉండాలి. ఇంకో సంగతి, తలుపు తీసి దిగేటప్పుడు మెడకో కాలికో చుట్టుకోకుండా, గట్టిగా లాగితే ఊడిపోయే కొక్కెం పెట్టుకోండి.

గ్లేర్‌షీల్డ్ (ప్యానెల్ పైనుండే గట్టు) మీద ఊరికే ఆనించి పెట్టేవాళ్ల గురించి ఒక్క మాట: ఎండకి మాడుతుంది, అద్దంలో దాని నీడ పడుతుంది, పక్కనే కంపాస్ ఉంటుంది, కుదుపు వస్తే ఎగిరి మొహాన పడుతుంది. ఇంతకన్నా చెడ్డ చోటు వెతికినా దొరకదు.

ఇప్పుడు మౌంట్ కొనండి

చోటు ఖాయమైతే కొనడం తేలిక. ఎక్కువ మౌంట్లలో మూడు ముక్కలుంటాయి: పట్టుకునే అడుగు భాగం, మధ్యలో చెయ్యి, ట్యాబ్‌ని పట్టే తొట్టి. వీటిని కలిపేది రబ్బరు పూసిన బంతులు. ర్యామ్ కంపెనీవాళ్ల ఒక అంగుళం బంతి ఈ సైజు ట్యాబ్‌లకి బాగా వాడుకలో ఉంది. ముక్కలు విడివిడిగా దొరుకుతాయి కాబట్టి రేపు విమానం మారినా అడుగు భాగం ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.

చెయ్యి ఎంత పొట్టిదైతే అంత మేలు. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్ సెకనుకి 40 చుట్లు తిరుగుతూ 80 సార్లు పేలుతుంది. ఆ అదురు పొడవాటి చెయ్యి చివరకి చేరేసరికి పెరిగి, చార్టు మీద అక్షరాలు అలుక్కుపోతాయి. పొడవాటి చెయ్యి కొని ‘ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు’ అని మురిసిపోయేవాళ్లు నెల తిరక్కుండా పొట్టిది కొంటారు. మర చేత్తోనే బిగించండి, పట్టకారు వాడితే బంతి మీది రబ్బరు నలిగిపోయి అసలుకే మోసం వస్తుంది.

తొట్టి విషయంలో రెండు రకాలు. స్ప్రింగుతో నాలుగు మూలలు పట్టేది ఒకటి, వెనకంతా మూసి ఉండే పెట్టె లాంటిది ఇంకొకటి. మూసి ఉన్నది గట్టిగా పట్టుకుంటుంది గానీ వేడి బయటికి పోనివ్వదు. నేను తెరిచి ఉన్నదే వాడతాను. దానికి కొమ్ముల మీదుగా వేసే రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది, ఆ పట్టీ వేయడం మర్చిపోకండి. కొమ్ములు పవర్ బటన్ మీదో వాల్యూమ్ బటన్ మీదో పడకుండా కూడా సరిచూసుకోండి. కుదుపులో బటన్ దానంతటదే నొక్కుకుని స్క్రీన్ ఆరిపోతే కాసేపు బుర్ర పనిచేయదు.

మీరు పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే, బిగించే ముందు ట్యాబ్‌ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పట్టుకుని చూడండి. కొన్ని స్క్రీన్లు ఒక వైపు తిప్పితే నల్లగా అయిపోతాయి. ప్యానెల్‌లోని డిస్‌ప్లేలదీ ఇదే తంతు. పైలట్లకి పోలరైజ్డ్ కానివే మంచివి.

వేడి, వైరు

గాల్లో ట్యాబ్ ఆగిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం బ్యాటరీ అయిపోవడం కాదు, వేడెక్కడం. ఐప్యాడ్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ కంపెనీయే చెప్తుంది. ఎండలో నిలిపి ఉంచిన విమానం లోపల, ఎవరూ ఎక్కకముందే ఆ గీత దాటిపోతుంది. దానికి తోడు స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచుతాం, జీపీఎస్ నడుస్తుంటుంది, పైనుంచి ఛార్జింగ్ పెడతాం. ఛార్జింగ్ కూడా వేడి పుట్టిస్తుంది. మొదట వెలుతురు తగ్గుతుంది, ఛార్జింగ్ ఆగుతుంది, ఆఖరికి ఉష్ణోగ్రత హెచ్చరిక ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి దాన్ని చల్లగా ఉన్న సంచీలోంచి టాక్సీకి (రన్‌వే వైపు నడపడానికి) కాస్త ముందు మాత్రమే బయటికి తీయండి, విమానంలో వదిలేయకండి. దళసరి కవర్ తీసేయండి. గాలి వచ్చే వెంట్ ఒకటి ట్యాబ్ వెనక్కి తిప్పండి. ఇంటి దగ్గరే నూటికి నూరు ఛార్జ్ చేసుకుని వస్తే, రెండు గంటల ప్రయాణానికి వైరే అక్కర్లేదు. వేడెక్కితే ముందు ఛార్జర్ పీకేయండి. గబగబా చల్లారుతుందని మరీ చల్లటి చోట పెట్టకండి, లోపల తేమ చేరుతుంది. నీడలో, గాలి తగిలే చోట ఉంచితే దానంతటదే కోలుకుంటుంది.

వైరు తప్పదంటే ఛార్జర్ చూసి కొనాలి. చిన్న విమానాల్లో కొన్నింటిది 14 వోల్టుల వ్యవస్థ, కొన్నింటిది 28. కార్లకి అమ్మే ఛార్జర్లలో 12 వోల్టులకి మాత్రమే చేసినవి ఉంటాయి. వాటిని 28 వోల్టుల సాకెట్‌లో పెడితే ఏమవుతుందో పొగ వాసన చెప్తుంది. ఛార్జర్ మీద రాసింది చదవండి. నాసిరకం ఛార్జర్లతో ఇంకో తలనొప్పి రేడియో రొద. విమానం వీహెచ్ఎఫ్ రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. ఛార్జర్ లోపలి స్విచింగ్ సర్క్యూట్ ఆ పరిధిలో గోల చేస్తే కంట్రోలర్ మాట సరిగ్గా వినపడదు. వైరుని థ్రాటిల్, మిక్చర్, ఫ్యూయల్ సెలెక్టర్‌ల మీదుగా వేలాడదీయకండి. ప్యానెల్ అంచు వెంబడి తీసుకెళ్లి, యోక్ కదలికకి సరిపడా మాత్రమే వదులు ఉంచండి.

నేల మీద పరీక్ష

ఇంజిన్ వేయక ముందు అన్నీ బిగించి, బెల్టులు పెట్టుకుని కూర్చోండి. యోక్‌ని నాలుగు మూలలకీ పూర్తిగా తిప్పండి, వెనక్కి లాగి, ముందుకి తోసి. ఎక్కడైనా చిన్నగా తగిలినా, వైరు బిగుసుకున్నా మళ్లీ మొదటికి రండి. ‘కొంచెమే కదా’ అని సర్దుకోకండి. ఆ తర్వాత కళ్లు మూసుకుని బెల్టు విప్పి, తలుపు తీసి, ఏమీ తగలకుండా దిగండి. తాడు, వైరు, మౌంట్ చెయ్యి ఏదైనా బట్టలకి పట్టుకుంటే ఇప్పుడే తెలుస్తుంది. కుడి సీట్లో ఎక్కేవాళ్లకి కూడా ఈ పరీక్ష పెట్టండి.

కంపాస్‌ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ట్యాబ్‌లో స్పీకర్లకి, కవర్ అంటుకోవడానికి అయస్కాంతాలు ఉంటాయి. విమానాన్ని తెలిసిన దిక్కుకి నిలపండి. కంపాస్ ఎంత చూపిస్తోందో చూసి, ట్యాబ్‌ని దాని చోట పెట్టి మళ్లీ చూడండి. తర్వాత స్క్రీన్ వెలిగించి, ఛార్జింగ్ పెట్టి మళ్లీ చూడండి. సూది కదిలితే ట్యాబ్ చోటు మారాలి, కంపాస్‌ది కాదు. అయస్కాంతాలున్న కవర్ తీసేస్తే కొన్నిసార్లు అక్కడితోనే సరిపోతుంది.

ఇంజిన్ వేశాక రేడియో స్క్వెల్చ్ (రొదని అణిచేది) తెరిచి, ఛార్జర్ పెట్టి తీసి, పెట్టి తీసి వినండి. మీరు రోజూ వాడే ఫ్రీక్వెన్సీలన్నీ తిప్పి చూడండి. వీఓఆర్, ఐఎల్ఎస్ (రేడియోతో దారీ రన్‌వే చూపేవి) సూదులు కూడా ఓ కంట కనిపెట్టండి.

మొదటి ఫ్లైట్ మాత్రం వాతావరణం బాగున్న రోజున, తెలిసిన ప్రాంతంలో, వీలైతే పక్కన ఇంకో పైలట్‌తో చేయండి. మీరు ట్యాబ్ చూస్తుంటే ఆయన బయట చూస్తాడు. దిగాక అడగండి, ఎంతసేపు తల లోపలే పెట్టుకున్నారో. నన్ను చూసిన మిత్రుడు చెప్పిన లెక్క విని నాకే సిగ్గేసింది.

సెట్టింగులు

జీపీఎస్ ఉన్న ట్యాబేనా అన్నది మొదటి ప్రశ్న. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. సెల్యులార్ రకంలో ఉంటుంది, దానికి సిమ్ కూడా అక్కర్లేదు. వైఫైది కొనేసి ఉంటే, విడిగా ఒక బ్లూటూత్ జీపీఎస్ తీసుకోండి. ఫోర్‌ఫ్లైట్, గార్మిన్ పైలట్, స్కైడెమన్ లాంటి పైలట్ యాప్ ఏది వాడినా, వెళ్లే దారి చార్టులన్నీ ఇంట్లో ఉండగానే దింపుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఆటో లాక్ ఆపేయండి. స్క్రీన్ తిరగకుండా తాళం వేయండి, లేకపోతే మలుపు తిరిగిన ప్రతిసారీ చార్టు కూడా తిరుగుతుంది. నోటిఫికేషన్లు ఆపండి. రాత్రి ఎగురుతుంటే డార్క్ మోడ్ పెట్టి, వెలుతురు మీకు సరిపడే దానికన్నా ఒక మెట్టు కిందికి దించండి.

కుదుపుల్లో వేలు ఒక చోట పెట్టబోతే ఇంకో చోట పడుతుంది. బొటనవేలుని ట్యాబ్ అంచుకి ఆనించి, చూపుడు వేలితో నొక్కడం అలవాటు చేసుకోండి. చెయ్యీ ట్యాబూ కలిసి కదులుతాయి కాబట్టి గురి తప్పదు.

పడిపోతే, ఆరిపోతే

ట్యాబ్ గాల్లో పడిపోతే వంగి తీయకండి. ముందు విమానం నడపండి. పెడల్ కదలికకి అడ్డొస్తోందా అన్నది ఒక్కటే వెంటనే తేల్చుకోవాల్సింది. రాకపోతే దిగేదాకా అది అక్కడే ఉండనీయండి. 2014 ఫిబ్రవరి 9న బ్రిటన్ వాయుసేన వాయేజర్ విమానంలో సైడ్‌స్టిక్‌కీ చేతి ఆనుకీ మధ్య ఒక కెమెరా ఇరుక్కుంది. కెప్టెన్ సీటు ముందుకి జరపగానే ఆ కెమెరా స్టిక్‌ని ముందుకి తోసింది. దాదాపు రెండు వందల మంది ఉన్న విమానం 4,400 అడుగులు కిందికి పడింది. కాక్‌పిట్‌లో ఖాళీగా వదిలేసిన వస్తువు ఏదీ తన చోటులో ఉండదు. గట్టిగా ఆగినప్పుడు 9 జీ (మామూలు బరువుకి తొమ్మిది రెట్లు) వస్తే అర కిలో ట్యాబ్ నాలుగున్నర కిలోల రాయి అవుతుంది.

స్క్రీన్ ఆరిపోతే ఏం చేయాలో ముందే అనుకోండి. ఫోన్‌లో అదే యాప్, అవే చార్టులు పెట్టి జేబులో ఉంచండి. దిగబోయే ఎయిర్‌ఫీల్డ్ ఫ్రీక్వెన్సీలు, రన్‌వే దిక్కులు, ఎత్తు ఒక కాగితం ముక్క మీద రాసుకుని నీబోర్డుకి గుచ్చుకోండి. ఆ కాగితం ఒక్కసారి పనికొచ్చింది నాకు. ఇప్పటికీ రాస్తున్నాను.

దిగాక ట్యాబ్ తీసేయండి, క్లాంపు తీసేయండి, కంట్రోల్ లాక్ పెట్టండి. సక్షన్ కప్పుని అద్దానికి వదిలేస్తే ఎండకి మచ్చ పడుతుంది. అద్దె విమానమైతే మీ తర్వాత ఎక్కేవాళ్లకి మీ క్లాంపు సంగతి తెలియదు. సంచీ మూసేముందు బంతులు, రబ్బరు, మర ఒకసారి వేలితో తడిమి చూడండి. రబ్బరు నెర్రెలిస్తే ఆ ముక్క ఒక్కటీ మార్చేయండి, తర్వాతి ఫ్లైట్‌కి ముందే.